వేడి చేసిందన్నారు

మా వైపు ఆడది కడుపుతో ఉంటే నీళ్లోసుకుంది అంటారు. కంటే నీళ్లాడింది అంటారు. మొదలుకూ మాట ఉంది, చివరకూ మాట ఉంది. మధ్యలో, నెలలు నిండకముందే, బిడ్డ చుట్టూ ఉండాల్సిన నీళ్లు కారిపోతే మాత్రం దానికి మాట లేదు. నాకు అది జరిగినప్పుడు మా ఇంట్లో వేడి చేసిందన్నారు.

ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. కొత్తగూడెం ఎండల గురించి పేపర్లవాళ్లు ఏటా రాస్తారు. మా ఎండల గురించి ఎవరూ రాయరు, రాసేవాడు మా దాకా రావాలి కదా. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. తల నొప్పి పెడితే వేడి, కళ్లు ఎర్రబడితే వేడి, మొహం మీద కురుపు లేస్తే వేడి, మూత్రం మంటగా వస్తే వేడి. ఆ ఒక్క మాటతో ఊళ్లో సగం రోగాలకు పేరు పెట్టడమూ అయిపోయేది, మందు ఇవ్వడమూ అయిపోయేది. నానబెట్టిన సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పలుచటి మజ్జిగ. తగ్గితే వేడి తగ్గినట్టు, తగ్గకపోతే వేడి ఎక్కువైనట్టు.

నన్నిచ్చింది మేనత్త కొడుక్కే. మా బావ అశ్వారావుపేట తోటల్లో ట్రాక్టరు నడిపేవాడు. పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలడం అతని పని, అందుకని ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. ఇంట్లో నేనూ అత్తమ్మా. అత్తమ్మ అంటే మా నాన్నకు అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషే, పెళ్లయ్యాక అదే చేత్తో నాకు పొయ్యి అప్పజెప్పి అరుగు మీద చుట్ట వెలిగించుకుని కూర్చుంది. ఆమె గొంతు లేస్తే వాగు అవతలి పొలాల్లో ఎడ్లు ఆగేవి. మా వాళ్లంతా ఆమెను కుంపటి అనేవారు. ఎదురుగా కాదు, చాటున. ఆ కోపానికి ఆ పేరు సరిగ్గా సరిపోయిందని నేననుకునేదాన్ని. పిల్లలమంతా కలిసి కుంపటత్త, కుంపటత్త అని అరిచి పారిపోయిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు మాత్రం ఆమె ఎందుకో తిట్టేది కాదు.

మొదటిసారి నీళ్లోసుకున్నప్పుడు నాకు ఇరవై కూడా లేవు. ఏడో నెల బీడీలకు తునికాకు కోసే ఎండల రోజుల్లో వచ్చింది. నన్ను అడవికి వద్దన్నారు, అత్తమ్మావాళ్లు కోసుకొచ్చిన ఆకు ఇంటి నీడన కూర్చుని కట్టలు కట్టేదాన్ని. మూత్రం మంట అంతకు ముందు నుంచే ఉంది. ఊళ్లో అప్పటికి ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. చెంబు పట్టుకుని పోవాలంటే పొద్దు పొడవకముందు, లేదా మళ్లీ పొద్దుగూకాక. మధ్యలో వస్తే బిగబట్టుకోవడమే. అలా బిగబట్టడం చేతకాక నేను నీళ్లు తాగడం మానుకున్నాను. ఆ ఎండల్లో, కడుపుతో. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద కాదు, ఆడదాని మూత్రానికి కూడా సూర్యుడి అనుమతి కావలసి వచ్చిన ఆ ఊరి మీద.

కట్టలు కడుతూ లేచేసరికి ఒకరోజు లంగా తడిసి ఉంది. మూత్రం జారిందేమో అనుకుని సిగ్గుపడి మార్చుకున్నాను. మళ్లీ తడిసింది. మర్నాడూ అంతే. నొప్పి లేదు, ఎరుపు లేదు. అత్తమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. మామూలుగా నాకు నోరెక్కువ అని ఊరంతా అంటారు, ఆ విషయంలో మాత్రం మూగదాన్నయ్యాను. చివరికి చెప్పాను.

"అత్తమ్మా, బట్ట తడుస్తంది."

"తెల్లబట్టనా?"

"తెల్లగ లేదు. నీళ్ల లెక్కనే ఉంది."

"గదే, వేడి చేసిందే పిల్లా. ఇంత ఎండల చెయ్యకుంటదా? సబ్జా నానబెడత, తాగు."

తాగాను. రోజుకు ఎన్ని గ్లాసులు తాగానో. తగ్గకపోతే మా ఊరికి సైకిల్ మోటారు మీద వచ్చే ఆర్ఎంపీ డాక్టరును పిలిపించారు. అతను నా మొహం చూసి, నాలుక చూసి, మొగవాడు కాబట్టి అంతకుమించి అడగకుండా, అత్తమ్మ చెప్పింది విని వేడే అన్నాడు. దూలానికి సీసా వేలాడదీసి సెలైన్ ఎక్కించాడు. కింద నుంచి నీళ్లు పోతుంటే పైనుంచి నీళ్లెక్కించారు నాకు. ఆ తెలివికి నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

తర్వాత చలి పుట్టింది. ఎండ మాడిపోతుంటే నేను రెండు దుప్పట్ల కింద వణికాను. తడిసిన గుడ్డకు వాసన వచ్చింది. పొద్దున నొప్పులు మొదలయ్యాయి, ట్రాక్టరు కోసం మనిషిని పంపేలోపే కాన్పు అయిపోయింది. మగపిల్లాడు. నా అరచేతి మీద తల, మోచేతి దగ్గర కాళ్లు. పిల్లికూన మాదిరి ఒక్కసారి అన్నాడు, అంతే. ఏడుపని కూడా అనలేం. అత్తమ్మ పాత చీర ముక్కలో చుట్టి గుండెకు అదుముకుని కూర్చుంది. వాకిట్లోకి ఎండ వచ్చేసరికి వాడు లేడు.

మొగవాళ్లు ఎక్కడ పెట్టాలని అడిగారు. అత్తమ్మ కళ్లు కూడా తుడుచుకోకుండా చెప్పింది.

"వాగొడ్డుకు తీస్కపోండి. ఇప్పచెట్టు దాటినంక రాళ్లుండవ్. అక్కడ మెత్తగుంటది."

అంత దుఃఖంలో ఆ మాట నాకు ఎంత కటువుగా వినిపించిందో చెప్పలేను. నా కొడుకును పెట్టే చోటు మెత్తగా ఉందో గట్టిగా ఉందో ఈమెకెలా గుర్తుంది, ఈమె గుండె ఏ రాయితో చేశారు అనుకున్నాను.

ఆ తర్వాత ఊరు వచ్చింది, ఓదార్చడానికి. ప్రతి మనిషీ ఒక కారణం పట్టుకొచ్చింది. బొప్పాయి తిన్నది. పొద్దుగూకినంక చింతకింద నిలబడ్డది. బిందె ఎత్తింది. ఎత్తలేదా, అయితే వంగి ఊడ్చింది. నువ్వుల ఉండ తిన్నది, వేడి గద మరి. వాళ్లు చెప్పిన ప్రతి కారణంలోనూ చేసింది నేనే, తిన్నది నేనే, నిలబడింది నేనే. ఒక ముసలమ్మ పోతూ పోతూ గుమ్మం దగ్గర ఎవరితోనో అంది: "మేనత్త పోలికే అచ్చం. గర్భం కుంపటి." నాకు అప్పుడు జ్వరం. విన్నాను కానీ ఏం విన్నానో తలకెక్కలేదు.

ఏడాది తిరిగేసరికి మళ్లీ నీళ్లోసుకున్నాను. ఒళ్లో ఒక బిడ్డ పడితే దుఃఖం మరుస్తానని అత్తమ్మే తొందరపెట్టింది. ఒంట్లో రక్తం లేదని ఊరికి వచ్చే నర్సమ్మ ఎర్రమాత్రలిచ్చింది. మూడో నెలలో కాస్త ఎర్రబట్ట కనిపించి ఆగిపోయింది. మూత్రం మంట మళ్లీ వచ్చింది. అన్నిటికీ అత్తమ్మ దగ్గర మాట సిద్ధంగానే ఉంది.

ఈసారి ఏడో నెల చలికాలంలో వచ్చింది. మా అడవి పక్క చలి ఎలా ఉంటుందంటే పొద్దున్నే బోరింగు పిడి పట్టుకుంటే చెయ్యి ఊడదు. ఆ బోరింగు దగ్గర, బిందె సగం నిండి ఉండగా, నా కాళ్ల వెంట గోరువెచ్చగా జారింది. చుట్టూ ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు, ఎవరో ఏదో హాస్యమాడారు. నేను పాదాల దగ్గర తడిసిన మట్టి వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి చెప్పగానే అత్తమ్మ సబ్జా గింజల డబ్బా తీసింది.

"వేడి..." అని మొదలుపెట్టింది.

"ఎముకలు కొరికే చలిల వేడేందత్తమ్మా!" అని ఒక్క అరుపు అరిచాను. డబ్బా చేతిలోంచి లాగి వాకిట్లోకి విసిరాను. నల్లటి గింజలు పేడనీళ్లు చల్లిన వాకిలంతా పడ్డాయి, కాసేపటికి తడికి ఉబ్బాయి కూడా. ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బావ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, నా అదృష్టం. పోయి రోడ్డు మీంచి ఆటో తెచ్చాడు. అత్తమ్మ కూడా చీర కొంగు బిగించి ఎక్కింది.

పట్నంలో దవాఖానా. పేరెందుకు, చాలా దవాఖానాల్లో అంతే. చీటీలు రాసే ఆమె తలెత్తకుండా ఏమైందంది.

"నీళ్లు పోతున్నయ్ మేడమ్."

"మోషన్సా? ఎన్నిసార్లు?"

"మోషన్స్ కాదు. నీళ్లు."

"అవే, నీళ్ల మోషన్సే గద. అటు పక్క బల్ల మీద కూసో." అని నా చేతిలో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి పొట్లం పెట్టింది, నీళ్లలో వేసుకుని తాగమని. మళ్లీ పైనుంచి నీళ్లే.

ఆ బల్ల మీద వాంతులు, విరేచనాలవాళ్ల మధ్య కాసేపు కూర్చున్నాను కూడా. కూర్చోమన్నారు కదా అని కూర్చున్నాను. కింద బల్ల తడుస్తోంది. పక్కన ఒక మొగమనిషి కాస్త జరిగి కూర్చున్నాడు. అది చూసేసరికి నాలో ఏం తెగిందో తెగింది. లేచి నిలబడి, అంతమందిలో, గట్టిగా అన్నాను.

"నా కడుపుల బిడ్డ ఉండే నీళ్లు పోతున్నయ్. బిడ్డ నీళ్లు. ఇంతకుముందు ఒకడు గిట్లనే సచ్చిపోయిండు. ఎవలన్న ఇంటున్నరా?"

అత్తమ్మ నా కొంగు పట్టుకుని కిందికి లాగింది, సిగ్గుతో. కానీ లోపలి నుంచి ఒక సిస్టరు పరిగెత్తుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయింది.

డాక్టరమ్మ చూసి, ఉమ్మనీరు పోతోంది అంది. ఆ మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఉమ్మ అంటే మాకు ఉక్కపోత. అత్తమ్మ మొహం ఒక్కసారిగా వెలిగింది.

"సూశినవా, డాక్టరమ్మ గూడ ఉమ్మనే అన్నది. వేడి అని నేను మొత్తుకుంటలేనా?"

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది, దేవుడి మీద ఒట్టు.

తర్వాత డాక్టరమ్మ అడగడం మొదలుపెట్టింది. ఇంతకుముందు ఇలా నెలలు నిండకుండా నీళ్లు పోయాయా? నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "పోలేదమ్మా, అప్పుడు వేడి చేసింది" అంది. మూత్రం మంటగా వస్తుందా? "వేడికి వస్తది." తెల్లబట్ట, వాసన, దురద ఏమన్నా? "వేడే." మొదటి నెలల్లో ఎర్రబట్ట కనిపించిందా? "ఔ, కొంచెం కనబడ్డది. వేడి బాగుండె అప్పుడు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. ఆమె కోస్తా మనిషి, గొంతు పెంచే రకం కాదు.

"అమ్మా, నేను నాలుగు వేరువేరు సంగతులు అడిగాను. మీరు నాలుగింటికీ ఒకటే జవాబు చెప్పారు."

నేను ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను. పోయినసారి నీళ్లు పోవడం, చలి పుట్టడం, వాసన, పిల్లాడు. మంట, నీళ్లు మానుకోవడం. ఎర్రబట్ట. కాన్పుకూ కాన్పుకూ ఎడం చాలకపోవడం. డాక్టరమ్మ ప్రతిదానికీ తలూపుతూ చెప్పింది. ఒకసారి ఇలా అయినవాళ్లకు మళ్లీ అయ్యే భయం ఎక్కువట, అందుకే కడుపు నిలవగానే రావాల్సిందట. మూత్రంలో, కింద ఉండే చీము దోషం పైకి పాకి బిడ్డ చుట్టూ ఉండే పొరను మెత్తబరుస్తుందట. మొదట్లో రక్తం కనిపించడం కూడా ఒక హెచ్చరికేనట. కవలలుంటే పొర సాగిపోయి చిట్లొచ్చు. తిండి చాలక బక్కచిక్కిన వాళ్లకూ, పొగ తాగేవాళ్లకూ భయం ఎక్కువ.

"ఇంట్లో ఎవరన్నా పొగ తాగుతారా? నువ్వు తాగుతావా?"

నేను తాగనన్నాను. అత్తమ్మ చెయ్యి మెల్లగా రొంటి దగ్గరికి పోయింది. అక్కడ దోపుకున్న చుట్ట కనబడకుండా కొంగు సర్దుకుంది.

"వీటిల్ల దేంతోని పోయినయ్ నా నీళ్లు?" అని అడిగాను. నాకు ఒక్క దోషి కావాలి. ఒక్కటి చూపిస్తే దాన్ని పట్టుకుని జీవితాంతం తిట్టుకుంటాను.

"చెప్పలేనమ్మా. ఇవన్నీ ఉన్నా కొందరికి ఏమీ కాదు. ఏదీ లేకపోయినా కొందరికి పోతాయి. నువ్వు చేసిన తప్పు మాత్రం కాదు."

ఊరు చెప్పిన ప్రతి కారణంలోనూ నా మొహమే ఉండేది. ఈమె చెప్పిన వాటిలో ఎవరి మొహమూ లేదు. అది ఊరటనివ్వాల్సిన మాటే, కానీ ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది. బొప్పాయి తినకుండా ఉండగలను. ఎవరికీ తెలియని దానికి నేనేం కాపలా కాయను?

నొప్పులు రాలేదు కాబట్టి బిడ్డను లోపల ఉంచగలిగినన్నాళ్లు ఉంచుదామన్నారు. చీము పట్టకుండా సూదిమందు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి సూదిమందు. మంచం దిగొద్దన్నారు. సిస్టరు వచ్చి గుడ్డ రంగు చూసేది, వాసన చూసేది, ఒళ్లు వెచ్చబడిందేమో చూసేది, కడుపు మీద గొట్టం పెట్టి గుండె చప్పుడు వినేది. ఆమె వింటున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. కదిలితే బిడ్డ జారిపోతుందన్నట్టు దగ్గడానికి కూడా భయపడ్డాను. పక్క మంచాల వాళ్లు కని, పిల్లల్ని ఎత్తుకుని పోయేవాళ్లు. నేను కనకుండా ఉండడానికి పడుకున్నాను.

అత్తమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉండేది. చుట్ట తాగాలంటే గేటు బయటికి పోయి వచ్చేది. ఆ గొంతు ఏమైపోయిందో. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. గోడకు ఒరిగి ఆలోచించేది. ఏం ఆలోచిస్తున్నావంటే "ఏం లేదే" అనేది. బావ వచ్చినప్పుడల్లా "మా అమ్మకు దవాఖానా గాలి పడలేదు" అని ఎగతాళి చేసేవాడు. దానికి కూడా తిట్టలేదు.

ఎనిమిదో నెల సగం పడ్డాక ఒళ్లు వెచ్చబడింది. ఇక ఆగొద్దన్నారు. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. మామూలు పిల్లల్లా కాదు, కానీ ఏడుపే. గాజుపెట్టెలో పెట్టారు. చర్మం లోంచి నరాలు కనబడేవి. నా పాలు పిండి గొట్టంతో పోశారు. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మా వైపు నమ్మకం. అందుకని అత్తమ్మ ఆ గాజుపెట్టె వైపు రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చూసి లోపల సంగతి తెలుసుకునేది. ఒకసారి బిడ్డ ఊపిరి తీయడం మర్చిపోయింది. సిస్టరు అరికాలు మీద వేలితో కొట్టి గుర్తుచేసింది. ఊపిరి తీయమని కూడా గుర్తుచేయాల్సిన బిడ్డను కన్నాను కదా అని ఆ రోజు గోడకేసి తల కొట్టుకున్నాను.

బిడ్డ నిలిచింది. చలి పోయి ఇప్పపూలు రాలే రోజుల్లో ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, బిడ్డ నా పక్కన నిద్రపోతోంది. అత్తమ్మ గడప అవతల కూర్చుని ఉంది. చేతిలో చుట్ట ఉంది, వెలిగించలేదు. బిడ్డ వచ్చాక ఇంటి దగ్గర వెలిగించడం మానేసింది, ఊరికే పట్టుకుని కూర్చునేది.

"ఓ పిల్లా," అంది, నా వైపు చూడకుండా. "డాక్టరమ్మ నిన్నడిగినయ్ అన్ని నాకు గూడ ఉండె."

నాకర్థం కాలేదు.

"మంట ఉండె. తెల్లబట్ట ఉండె. సుట్ట గూడ మీ మామ అలవాటు జేసిండు, కడుపుతోని ఉన్నప్పుడే, వాంతులు ఆగుతయని. మీ బావకంటె ముందు ఇద్దరు, ఎనక ఒకడు. ముగ్గురికీ బట్ట తడిసింది గట్లనే. వేడి అన్నరు. నా ఒళ్లు నిప్పులు, కడుపుల పడ్డదాన్ని కాలుస్తది అన్నరు. మా అత్త నన్ను పొయ్యికాడికి రానియ్యలే, ఇంకింత వేడైతదని. గప్పుడు పెట్టిన్రు ఆ పేరు."

కోపానికి పెట్టిన పేరనుకున్నాను ఇన్నాళ్లూ. వాగొడ్డున ఇప్పచెట్టు అవతల నేల మెత్తగా ఉంటుందని ఆమెకెలా తెలుసో అప్పుడు తెలిసింది. నా కొడుకును తన పిల్లల పక్కన పెట్టించింది. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను, అంతకుమించి ఏం చేయాలో తెలియక.

ఆమె ఆ చుట్టను వేళ్ల మధ్య తిప్పుతూ ఉంది. పొగాకు పొడిగా రాలి చీర మీద పడుతోంది.

"అయితే నాయి గూడ నీళ్లేనానే?"

"నీళ్లే అత్తమ్మా."

"కాల్చలే గద నేను?"

"కాల్చలే."

"అయితే నేను కుంపటిని గాదు."

"కాదు అత్తమ్మా."

లోపల బిడ్డ కదిలింది, మళ్లీ పడుకుంది. అత్తమ్మ ఈసారి నా మొహంలోకి చూసింది.

"ఇంకోపాలి జెప్పు," అంది.

చెప్పాను.